మర్యాద పొర

యాప్‌ను నాలుగోసారి తిరస్కరిస్తూ పంపిన మెయిల్లో కూడా ప్రైమ్‌గేట్ వాళ్ళు కాత్యాయనిని "ప్రియమైన సృజనకారిణీ" అనే పిలిచారు. ఆమె చివరిదాకా చదివి, ఫోను బోర్లా పెట్టి, టీ పెట్టుకోవడానికి లేచింది. మనిషిని గుమ్మంలోంచి వెళ్ళగొట్టడానికి ఇంత తియ్యటి గొంతు వీళ్ళకి ఎవరు నేర్పిస్తారో అనుకుంది.

మైలపల్లి కాత్యాయని విశాఖపట్నంలో ఒక కేన్సర్ పరిశోధనశాలలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆమె పని మీద పై అధికారి తన పేరు వేసుకోవడం రెండోసారి జరిగాక బయటికొచ్చేసింది. పెదవాల్తేరులో ఒక మేడమీది గదిలో ఒక్కతే కూర్చుని రెండేళ్ళలో 'గొంతుక' అనే యాప్ తయారు చేసింది. అది ఎవరికోసమో ఆమెను ఎవరూ అడగనక్కర్లేదు. ఆమెను పెంచిన పిన్ని పోలమ్మకోసం.

పోలమ్మది ముత్యాలరేవు. ఊహ తెలిసినప్పటి నుంచి చుట్ట కాల్చిన మనిషి. అరవయ్యో ఏట డాక్టర్లు ఆమె గొంతుపెట్టె మొత్తం తీసేశారు. ఊపిరి పీల్చుకోవడానికి మెడ కింద బొత్తామంత కన్నం మిగిలింది. రేవులో పదకొండుమంది ఆడవాళ్ళ తరఫున వేలంలో చేపలు పాడేది ఆమే. ఆ పదకొండు బుట్టలూ ఆమె నోటి మీద నిండేవి. ఆపరేషన్ తర్వాత ఏడు నెలలపాటు ఆమె రేవుకు పోయి, చేతులు ఊపి, వేళ్ళు చూపించి, ఎవరికీ అర్థంకాక, తిరిగొచ్చి గోడకేసి కూర్చునేది.

కాత్యాయని మొదటిసారి గొంతుక పట్టీ తెచ్చి ఆమె మెడకు అంటించిన ఉదయం, రేవులో వేలం అప్పుడే మొదలైంది. తమలపాకంత మెత్తటి పట్టీ. పెదాలు కదిపితే చాలు, లోపలి కండరాలు ఏ మాటకు ఎలా కదులుతాయో అది పసిగట్టి ఫోనుకు చెబుతుంది. ఫోను ఆ మాటను నడుముకు కట్టిన చిన్న స్పీకర్లోంచి పలుకుతుంది. పలికేది పోలమ్మ పాత గొంతుతోనే. ఆపరేషన్‌కు ముందు నాలుగు రోజులు కూర్చోబెట్టి కాత్యాయని ఆ గొంతును దాచిపెట్టింది.

వేలందారు గంగులు పీతల గంప తెచ్చి ముందు పెట్టాడు. పోలమ్మ గంపలోకి వంగి చూసి పెదాలు కదిపింది.

"అవి నిన్నటి పీతలురా గంగులూ. నీ జిమ్మడ, నాకు గొంతు పోనాది గానీ కళ్ళు పోనాయేటి?"

రేవులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆ తర్వాత ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఏడు నెలల తర్వాత ఆ తిట్టు విని గంగులు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని గంప మార్చాడు.

ఆ వీడియోనే కాత్యాయని రుజువుగా ప్రైమ్‌గేట్‌కు పంపింది. వాళ్ళు నాలుగుసార్లూ ఒకటే కారణం రాశారు: అనుచిత భాష.

ప్రైమ్‌గేట్ అంటే ఆ రోజుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఫోన్లలో ఉండే అధికారిక స్టోరు. దాని ముద్ర లేని యాపును ఫోను దొంగను చూసినట్టు చూసేది. బయటి నుంచి ఏదైనా ఎక్కించాలంటే ఏడు హెచ్చరికలు దాటాలి. ఏడోది ఎర్రగా, స్క్రీనంతా నిండి, "మీ ప్రాణానికి మేము బాధ్యులం కాము" అనేది. గొంతు పోయి, మనసు చెదిరి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ముసలివాళ్ళు ఆ ఏడూ దాటుతారని కాత్యాయనికి ఏ మూలా నమ్మకం లేదు.

ఐదో ప్రయత్నానికి ముందు ప్రైమ్‌గేట్ నుంచి నిషిత అనే అమ్మాయి వీడియో కాల్ చేసింది. హైదరాబాదు. వెనకాల అద్దాల గోడ, కుండీలో ప్లాస్టిక్ మొక్క.

"మేడమ్, ఫస్ట్ మీ వర్క్ చాలా ఇన్‌స్పైరింగ్ అండీ."

"మరి ఎందుకు కాదన్నారు?"

"కాదనలేదండీ. ఇప్పుడే కాదు అన్నాం."

"తిట్టింది మా పిన్ని. యాప్ కాదు."

"టెక్నికల్‌గా చూస్తే ఆవిడ నోట్లోంచి సౌండ్ రాలేదు కదండీ. మీ యాప్ నుంచి వచ్చింది. అంటే అది మీరు పబ్లిష్ చేసిన కంటెంట్."

"గొంతు ఉన్నవాళ్ళు మీ ఫోన్లో తిట్టుకుంటే అది ఎవరు పబ్లిష్ చేసినట్టు?"

"అది కాల్ అండీ. కాల్స్ మా పాలసీ కిందికి రావు," అని నిషిత చిరునవ్వు చెదరకుండా చెప్పింది.

కాత్యాయని ఆ నవ్వునే చూస్తూ కూర్చుంది. ఈ పిల్ల మూర్ఖురాలు కాదు. తాను చెబుతున్నది ఎంత పనికిమాలినదో ఆ పిల్లకు తెలుసు. తెలిసీ నవ్వుతోంది. కాత్యాయనికి ఒళ్ళు మండింది అందుకే.

"మీరు కష్టపడక్కర్లేదండీ. మా దగ్గర మర్యాద పొర అని రెడీగా ఉంది. మాట బయటికి వచ్చే ముందు దాన్ని మెత్తబరుస్తుంది. అర్థం మారదు. టోన్ మారుతుందంతే. అది పెట్టేస్తే వారంలో అప్రూవల్. ఆసుపత్రుల్లో డిశ్చార్జి రోజునే పేషెంట్ ఫోన్‌లోకి ఎక్కించేస్తారు. ఇంకో చిన్న విషయం. వేరే చోట వేరే వెర్షన్ పెట్టకూడదు. పెడితే ఇక్కడిది తీసేస్తాం."

రెండో దారి సంత. అది ఔత్సాహికులు నడుపుకునే స్టోరు. ముద్రలూ అనుమతులూ లేవు. ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాని నిర్వాహకుల్లో ఒకడైన కరుణాకర్ విజయవాడ నుంచి ఏదో సభకు విశాఖ వచ్చి, ఆమెను జగదాంబ దగ్గర ఒక టిఫిన్ హోటల్లో కలిశాడు. ఇంటర్నెట్లో అతని పేరు నిప్పురవ్వ. ఎదురుగా చూస్తే పెసరట్టు మీద అల్లం తక్కువైందని సర్వర్‌తో తగువు పెట్టుకునే మనిషి.

"ప్రైమ్‌గేట్ ఒక జైలండీ మేడమ్ గారూ. మీరు అందులో బెయిలు అడుక్కుంటున్నారు," అన్నాడు.

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ తర్వాత అతను అన్నవి నచ్చలేదు.

"సంతలో పెట్టాలంటే అన్నీ బయట పెట్టాలండీ. కోడూ, దానితోపాటు గొంతులూ."

"ఏ గొంతులు?"

"ఆపరేషన్లకు ముందు మీరు రికార్డు చేసినవి. రెండొందల పైచిలుకు ఉన్నాయన్నారు కదా. డేటా దాచుకుంటే అది సగం స్వేచ్ఛేనండీ."

"అవి మనుషుల గొంతులు. రేపు ఎవడో ఒకడు వాటితో నానా చెత్తా పలికిస్తాడు."

"పలికించొచ్చు. స్వేచ్ఛలో రిస్కు ఉంటది."

"రిస్కు ఎవరికి? మీకా?"

"నేను ప్రిన్సిపుల్ మాట్లాడతన్నానండీ."

"గొంతు తీసేసిన మనిషితో మీరు ఎప్పుడైనా మాట్లాడారా?"

అతను ఆలోచించాడు. అలాంటి వాళ్ళు సంత చర్చావేదికలో ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని చెబుతానన్నాడు. ఏడు హెచ్చరికల సంగతి ఎత్తితే, "ఆ మాత్రం ఓపిక లేనోళ్ళకి స్వేచ్ఛ దేనికండీ" అని, ఫోన్లో ఎవరితోనో లైసెన్సులో ఒక కామా గురించి పావుగంట వాదించాడు. కాత్యాయని సగం తిన్న అట్టు వదిలేసి వచ్చేసింది. ఒకడు నోరు నొక్కుతానంటాడు, ఒకడు గొంతు పంచిపెడతానంటాడు, నోరూ గొంతూ ఉన్న మనిషి వీళ్ళిద్దరికీ కనబడదు అనుకుంది.

ఆమె ప్రైమ్‌గేట్‌నే ఎంచుకుంది. ఎదురు చూస్తున్నవాళ్ళు రెండు వందల పన్నెండుమంది. మర్యాదగానైనా మాట్లాడనీ, మూగగా ఉండడం కంటే మేలే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట చెప్పుకుంటున్నప్పుడే అది నిషిత గొంతులా ఉందని ఆమెకు తెలుసు. మర్యాద పొర తగిలించింది. ఆరో రోజున "ప్రియమైన సృజనకారిణీ, అభినందనలు" అని వచ్చింది.

పోలమ్మ ఫోన్లో యాప్ దానంతటదే మారిపోయింది. ఆ వారం రేవులో ఏం జరిగిందో కాత్యాయనికి గంగులు చెప్పాడు. పోలమ్మ ఎప్పటిలా గంప తన్ని తిట్టబోతే, నడుం దగ్గరి స్పీకరు ఆమె గొంతుతోనే, "మహాశయా, సరుకు నాణ్యత విషయంలో మీరు మరొకసారి ఆలోచించగలరా" అందట. జనం నవ్వారు. ఈ నవ్వు మునుపటిది కాదు. రెండో రోజు నుంచి కుర్ర వ్యాపారులు ఆమెను మాట్లాడించడానికే పనిగట్టుకుని రెచ్చగొట్టారు.

పోలమ్మ బస్సెక్కి పెదవాల్తేరు వచ్చింది. గదిలో అడుగు పెడుతూనే కాత్యాయని ముఖంలో ముఖం పెట్టి పెదాలు గబగబా కదిపింది.

"కాత్యాయనీ, నాకు కొంత అసంతృప్తిగా ఉంది," అంది స్పీకరు.

కాత్యాయని నవ్వు ఆపుకోలేకపోయింది. పోలమ్మ మెడ మీది పట్టీ పీకి బల్ల మీద కొట్టింది.

"కొన్నాళ్ళు ఓపిక పట్టు పిన్నీ. వాళ్ళతో మాట్లాడి సరిచేయిస్తాను."

పోలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ చూపును మెత్తబరచడానికి ఏ పొరా లేదు.

మూడు నెలలు తిరక్కుండానే కొత్త రేవు సంస్థ వాళ్ళు ముత్యాలరేవులో సభ పెట్టారు. ఆడవాళ్ళు చేపలు అమ్ముకునే షెడ్డు తీసేసి అక్కడ లారీలు నిలిపే స్థలం కడతారట. చట్టం ప్రకారం అక్కడివాళ్ళ అభిప్రాయం వినాలి. వినడానికి ఒక ఉప మేనేజరు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. పక్కన రాసుకునే గుమాస్తా, వీడియో తీసే మనిషి. కాత్యాయని వెనక బెంచీలో కూర్చుంది.

"మహిళల తరఫున ఎవరు మాట్లాడతారమ్మా?"

పదకొండుమందీ పోలమ్మ వైపు చూశారు. మాట మెత్తబడినా అర్థం మారదు కదా అని మళ్ళీ పట్టీ పెట్టుకునే వచ్చిన పోలమ్మ లేచింది. ఆ పెదాల కదలిక చదవడం కాత్యాయనికి వచ్చు. పోలమ్మ అన్నది ఇది: "మా శవాల మీంచి ఎల్లండి. షెడ్డు మాత్రం ఒగ్గం. మీ బతుకులు సెడ, ఎవుడబ్బ సొమ్మనుకున్నారు?"

స్పీకరు పలికింది ఇది: "మీ రాకకు ధన్యవాదాలు. షెడ్డు విషయంలో మీ ఆలోచన మాకు అర్థమైంది. మా సహకారం ఎప్పుడూ ఉంటుంది."

కాత్యాయని లేచి నిలబడింది. శవం అన్న మాట బెదిరింపుల పట్టికలో ఉంటుంది. బెదిరింపు ఉన్న వాక్యాన్ని మర్యాద పొర మొత్తం కోసేసి, ఆ ఖాళీలో తన దగ్గరున్న సహకారం వాక్యం ఒకటి అతికిస్తుంది. ఇంజనీరుగా ఆ సంగతి ఆమెకు అరక్షణంలో అర్థమైంది. ఆ అరక్షణంలోనే వేదిక మీద చప్పట్లు మొదలయ్యాయి.

పోలమ్మ అడ్డంగా తల ఊపింది. రెండు చేతులూ ఊపింది. మళ్ళీ అరిచింది, మళ్ళీ ధన్యవాదాలే వచ్చాయి. ఉప మేనేజరు ఆమె చేతులు చూడలేదు. మాట వినిపిస్తున్నప్పుడు చేతులు ఎవరు చూస్తారు? "ఆవిడ మాట తప్పుగా వచ్చింది, ఆపండి" అని కాత్యాయని వెనక నుంచి అరిస్తే, "మీకు ఈ ఊళ్ళో ఓటుందా?" అని అడిగి, లేదని తెలుసుకుని, ఆ ప్రశ్నతోనే ఆమెను కూర్చోబెట్టేశాడు. గుమాస్తా రాసుకున్నాడు: మహిళల ప్రతినిధి శ్రీమతి పోలమ్మ ప్రతిపాదనను స్వాగతించారు.

పోలమ్మ పక్కనే కూర్చున్న రాజులమ్మ ఆమె కొంగు పట్టుకుని అడిగింది. "అప్పా, మమ్మల్ని అడక్కుండా ఒప్పీసుకున్నావేటి?"

అది పోలమ్మ గొంతే మరి. ముప్పై ఏళ్ళుగా వాళ్ళు నమ్మిన గొంతు. దానికి సంజాయిషీ చెప్పుకోవడానికి కూడా పోలమ్మ దగ్గర అదే గొంతు ఉంది. ఆమె పట్టీ తీసి కొంగున ముడేసుకుని, ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

కాత్యాయని మర్నాడు పొద్దున్నే నిషితకు ఫోన్ చేసింది.

"అయ్యో, సో సారీ అండీ. ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో రాస్తే మా లాంగ్వేజ్ టీమ్ తర్వాతి క్వార్టర్‌లో చూస్తారు," అంది నిషిత.

"ఆమె వద్దంది. మీరు సరే అన్నారు."

"మేం అనలేదండీ. ఔట్‌పుట్ మీ యాప్‌ది."

కాత్యాయని ఫోన్ పెట్టేసింది. ఇంతకాలం ఆ పిల్లను అసహ్యించుకోవడం ఎంతో సుళువుగా ఉండింది. ఇప్పుడు ఆ పిల్ల అన్నది నిజం.

ఆ మధ్యాహ్నం ఆమె ముత్యాలరేవు వెళ్ళింది. తన పాత ప్రయోగం ఫోన్లో పొర లేని గొంతుక ఇంకా ఉంది. పోలమ్మ చాలాసేపు పట్టీ పెట్టుకోనంది. చివరికి పెట్టుకుంది. కాత్యాయని సంత సంగతి, కరుణాకర్ సంగతి చెప్పింది. అక్కడ పెడితే ప్రైమ్‌గేట్ తీసేస్తుందనీ, గొంతులన్నీ బయట పెట్టమంటున్నారనీ చెప్పి, ఏం చెయ్యమంటావు పిన్నీ అని అడిగింది.

"ఇప్పుడడుగుతున్నావేటి?" అంది పోలమ్మ. "ఆ హైదరాబాదు దొరసాని దగ్గర నా నోరు తాకట్టెట్టినప్పుడు అడిగినావా?"

కాత్యాయని స్పీకరు శబ్దం కాస్త తగ్గించబోతే పోలమ్మ ఆమె చెయ్యి తోసేసింది.

"నా గొంతు నాది. ఇచ్చుకుంటాను. ఆడెవడో వాడుకుంటే వాడుకోనీ, మా వోళ్ళకి నేనెవరో తెలుసు. మిగిలినోళ్ళవి పంచీడానికి నువ్వెవరివే? ఎల్లి ఒక్కొక్కర్నీ అడుగు."

కాత్యాయని సంతకు కోడూ, ఒక్క పోలమ్మ గొంతూ ఇస్తానంది. కరుణాకర్ బృందం మూడు రోజులు తమలో తాము తన్నుకుని, ఒక ఓటు తేడాతో ఒప్పుకుంది. ఒప్పుకున్న గంటలోనే పోలమ్మ ఫొటో వేసి 'స్వేచ్ఛా స్వరం' అని పోస్టరు చేశారు. ఫొటో అడిగి తీసుకోలేదు.

సంతలో పెట్టిన రోజు పొద్దున్న పదకొండింటికి ప్రైమ్‌గేట్ గొంతుకను తీసేసింది. స్టోరులోంచే కాదు, ఫోన్లలోంచి కూడా. రెండు వందల పన్నెండుమంది పెదాలు కదుపుతూ కదుపుతూ ఉండగా మాట ఆగిపోయింది. మధ్యాహ్నానికి కాత్యాయని ఫోను ఇంటివాళ్ళ సందేశాలతో నిండిపోయింది. ఒక కూతురు రాసింది: నాన్న బస్సులో టికెట్ అడుగుతుంటే ఆగిపోయిందండీ, కండక్టర్ దింపేశాడు.

పోలమ్మ మాత్రం ఆ పాత ప్రయోగం ఫోనుతో రేవు సంస్థ ఆఫీసుకు వెళ్ళి, తన నోటితో చెప్పాల్సింది ఒక్క ముక్క తగ్గకుండా చెప్పింది. సభ మినిట్స్ రాయడం ముగిసిపోయిందన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. పదకొండుమందీ గుమ్మంలో కూర్చున్నారు. నాలుగో రోజున గుమాస్తాతో "అభ్యంతరం తెలిపారు" అని రాయించి, షెడ్డు సంగతి వాయిదా వేశారు. వాయిదా అంటే గెలుపు కాదని రాజులమ్మ అంది. అయినా ఆ రోజు పోలమ్మ పక్కనే కూర్చుంది.

కాత్యాయని రెండు వందల పన్నెండు చిరునామాల జాబితా పట్టుకుని బయల్దేరింది. ఎవరి గొంతు వాళ్ళ ఫోన్లో స్వయంగా ఎక్కించాలి, ఏడు హెచ్చరికలూ తానే దాటించాలి. పదహారో చిరునామా బొబ్బిలి. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ సింహాద్రి నాయుడు. పడక్కుర్చీలో మీసం దువ్వుకుంటూ ఉన్నాడు. గొంతుతోపాటు చెవులు కూడా దాదాపు పోయాయి. భార్య సన్యాసమ్మ కాత్యాయనిని నూతి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, ఆ మునపటిదే పెట్టలేవా?"

"మునపటిది ఆయన మాటల్ని మార్చేసేదమ్మా."

"తెలుసు. ఆయనకి వినబడదు గానీ నాకు వినబడదేటి? నలభై ఏళ్ళలో నన్ను పేరెట్టి పిలిచినోడు కాదు. ఈ మూణ్ణెల్లూ సన్యాసమ్మ గారూ అన్నాడు. పులుసు పోస్తే చాలా బాగుంది, శ్రమ పడ్డారు అన్నాడు. ఆయన అన్నది అది కాదని నాకు తెల్దా? మీసం చూస్తే తెలుస్తాది. అయినా వినీదాన్ని."

మర్యాద పొర లాంటిది ఇంకొకటి కట్టడం కాత్యాయనికి ఒక్క పూట పని. మూడు నెలలుగా ఆ పొర పేరెత్తితే ఉమ్మేసినంత పని చేసిన మనిషి, ఇప్పుడు ఆ నూతి గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయింది. చివరికి లోపలికి వెళ్ళి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నాయుడి చేతికిచ్చింది. ఇన్నాళ్ళూ మీ మాటలు మార్చి పలికింది. అలాగే ఉంచమంటారా, మీ మాట మీకు ఇచ్చెయ్యమంటారా?

నాయుడు చదివాడు. భార్య వైపు చూశాడు. కాగితాన్ని నలిపి పారేసి, నా మాట నాకే అన్నట్టుగా తన గుండె మీద గట్టిగా తట్టుకున్నాడు.

కాత్యాయని ఎక్కించింది. ఏడో హెచ్చరిక దాటింది. పట్టీ సరిచేసి పక్కకు తప్పుకుంది. నాయుడు పెదాలు కదిపాడు.

"ఏమే మొద్దుదానా, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేటి? మజ్జిగ తగలెయ్యి."

సన్యాసమ్మ లోపలికి వెళ్ళింది. ఒక్క గ్లాసుతోనే తిరిగొచ్చి, దాన్ని కాత్యాయని చేతిలో పెట్టి, గుమ్మం బయటికి నడిచింది. కాత్యాయని ఆమె వెనకాలే వెళ్ళింది.

"మునపటి ఆ మాటలు ఎవరు రాసినారమ్మా? నువ్వేనా?"

"నేను కాదమ్మా. మనిషంటూ ఎవరూ రాయలేదు."

సన్యాసమ్మ వీధి వైపు తిరిగింది.

"ఎవరైతేనేం," అంది. "పెళ్ళాంతో ఎలా మాట్లాడాలో తెలిసినోళ్ళు."

కాత్యాయని మజ్జిగ తాగి గ్లాసు అరుగు మీద పెట్టి చెప్పులు వేసుకుంది. లోపల్నుంచి రెండో కేక వచ్చింది. ఈసారి తిట్టు ఇంకాస్త పొడుగ్గా ఉంది. ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు.